ఆకాశం ఉన్న చలి

ఐసు మావయ్య పెళ్ళాన్ని చలిగదిలో పెట్టి చంపుకున్నాడని ఆ వీధిలో చెప్పుకుంటారు.

అందరూ ఒకేలా చెప్పరు. మూల మీద కొట్టు నడిపే ఆవిడ మాత్రం పక్కనే నిలబడి చూసినట్టు చెబుతుంది. "ఎర్ర సూటు తొడిగి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగాడమ్మా! కింద బావమరిది వ్యాను సిద్ధంగా ఉంది. ఎటు పోయారనుకున్నావ్? ఆ ఐసు గోడౌనుకే! మంచం మీంచి లేవలేని మనిషిని పట్టుకెళ్ళి గడ్డల మధ్య కూర్చోబెడతారా ఎవరైనా? వారం తిరక్కుండా పోయింది మహాతల్లి." సెలూను అతను కత్తెర ఆపి, "మనిషి చెడ్డవాడు కాదండీ, ఏదో మంచు పిచ్చి" అని సర్దబోతాడు. కుర్చీలో కూర్చున్నవాడు ఊరుకోడు. "అంత పిచ్చి ఉంటే తను కూర్చోవాలి గాని, ఆవిడనెందుకయ్యా కూర్చోబెట్టడం?" అంటాడు.

ఐసు మావయ్య ఆ ముందు నుంచే డ్యూటీకి పోతాడు. మాటలు చెవిన పడతాయి. తల తిప్పడు. తిప్పకపోవడం చూసి జనం మరింత నమ్ముతారు.

ఊరి చివరి కోల్డ్ స్టోరేజిలో ఆయన పని. చేపల పెట్టెలు, బఠాణీల సంచులు, ఐస్‌క్రీము డబ్బాలు లారీలోంచి దించి లోపల పేర్చడం, అడిగినప్పుడు మళ్ళీ బయటికి తీయడం. మొదట బయటి తలుపు, తర్వాత బెంచీ వేసిన చిన్న గది, ఆ గది అవతల మందపాటి లోపలి తలుపు. ఆ తలుపు అవతలిదే అసలు చలి. లోపల కాసేపు ఉంటే కనుబొమలు తెల్లబడతాయి, ముక్కు వెంట్రుకలు ముళ్ళలా గుచ్చుకుంటాయి. బయట తోడు లేకుండా ఆ గదిలోకి ఎవరూ పోకూడదు. ఒకళ్ళు లోపలికి వెళితే, జోడీగాడు బయట నిలబడి ఉండుండి ఇనప కడ్డీతో తలుపు మీద కొడతాడు. లోపలివాడు తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతే తలుపు లాగి పరిగెత్తడమే. అలా పరిగెత్తి, నీలంగా మారిన పెదాలతో పడి ఉన్న పాత జోడీని ఒకసారి ఆయనే ఈడ్చుకొచ్చాడు. ఆ మనిషి బతికాడు గాని పనిలోకి మళ్ళీ రాలేదు. ఆ పెదాల రంగు మాత్రం ఐసు మావయ్య కళ్ళలోంచి పోలేదు. ఇప్పటి జోడీ పొడుగాయన. మాట తక్కువ మనిషి, పెట్టెకి పెట్టె అందించడం తప్ప వేరే సంగతులు ఎత్తడు.

ఆయన భార్యని ఆ చుట్టుపక్కలవాళ్ళంతా మిషనత్తయ్య అనేవాళ్ళు. బస్టాపు ఎదురుగా, మనిషి చేతులు బారజాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు గదిలో ఆవిడ కుట్టు మిషను. కొత్త బట్టలు కుట్టేది కాదు. పొడుగైన ప్యాంట్లు కత్తిరించడం, లావెక్కినవాళ్ళకి నడుము వదలడం, పాడైన జిప్పులు మార్చడం. "ఊళ్ళో ఎవరి నడుము ఎంత పెరిగిందో నా కడుపులోనే దాచుకున్నాను, నోరు విప్పితే ఎన్ని కాపురాల్లో గొడవలో!" అని నవ్వేది. పిల్లల్లేరు. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆవిడ మిషను తొక్కుడు జోరు చేసేది. చప్పుడులో మాట కొట్టుకుపోయేది.

ఒకరోజు ఆ కొట్టుకి పొడుగాటి చలికోటు వేసుకున్న ఒకావిడ, కాళ్ళు పొట్టి చేయమని ఒక సూటు తెచ్చింది. అది స్కీ సూటు. ఉత్తరాన బాగా పైకి వెళితే కొండలన్నీ మంచేనట, పాదాలకి పొడుగాటి చెక్కలు బిగించుకుని వాటి మీదనుంచి జారడానికి ఆ సూటట. మిషనత్తయ్య అలాంటి బట్ట చేత్తో ముట్టుకోవడం అదే మొదలు. తిప్పి చూసింది, మళ్ళీ తిప్పి చూసింది. చంకల కింద రెండు పక్కలా చీలికలు, వాటికి జిప్పులు. "ఏ తెలివితక్కువ దర్జీ కుట్టాడో! మంచులోకి పోయే బట్టకి చంకలో చిల్లులా?" అని జాలిపడి, ఆ చీలికలు రెండూ డబుల్ కుట్టుతో మూసేసింది. రంగు కలిసే గుడ్డ వెతికి లోపల అతుకు కూడా వేసింది. కూలి అడగలేదు.

ప్రయాణం నుంచి తిరిగొచ్చాక కోటావిడ ఆ సూటు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఈ చంకలు మూసింది మీరేనా?"

"నేనేనండీ. డబ్బులేం ఇవ్వక్కర్లేదు."

"ఇచ్చేవాళ్ళెవరు! ఉడికిపోయానమ్మా తల్లీ! కొండ సగం దిగేసరికి లోపల ఆవిరి. అవి గాలి ఆడటానికి పెట్టినవి."

"మంచులో గాలెందుకండీ?"

"జారుతుంటే చెమట ధారలు కడుతుంది."

మిషనత్తయ్య నాలుక కరుచుకుంది. అక్కడికక్కడే బ్లేడు తీసి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. కోటావిడకి కోపం లేదు. స్టూలు మీద కూర్చుని, కుట్లు విప్పుతున్నంతసేపూ ఆ కొండల సంగతే చెప్పింది. అడుగు పడిన చోట చప్పుడే ఉండదట. ఎండ కాస్తూనే ఉంటుందట, మంచు కరగదట. పడితే దెబ్బ తగలదట, నవ్వొస్తుందట. విప్పాల్సిన కుట్లు అయిపోయినా మిషనత్తయ్య బట్ట మీంచి చెయ్యి తీయలేదు.

ఆ సాయంత్రం మొగుడు టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చోగానే అడిగింది.

"మీరు నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏంటి చెప్పంది?"

"మంచులో చెమట పడుతుందని."

"ఎవరికి పడేది? నా ముక్కులోంచి కారేది ముక్కులోనే గడ్డకడుతుంటే! చలి గురించి నాకు చెప్పకు."

"మీది పెట్టెలో చలండీ. మూతేసిన చలి. అక్కడ చలి మీద ఆకాశం ఉంటుందట."

"అయితే?"

"అయితే ఏముంది? మనం వెళ్తున్నాం."

ఆయన ఒంటికాలి మీద లేచాడు. రోజంతా చలిలో చచ్చి, సెలవు పెట్టి మళ్ళీ చలిలోకే పోవాలా అన్నాడు. ఈ వయసులో చెక్కలు కట్టుకుని జారితే ఎముకలు ఏరుకోవాలన్నాడు. ఆవిడ ఎదురు చెప్పలేదు. అలిగి పడుకోలేదు. పొద్దున టీ ఇస్తూ, "మీ సూటు నీలంది కుడుతున్నా. నాది ఎరుపు. పడిపోతే దూరం నుంచి కనబడాలిగా" అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ తనకోసం ఫలానాది కావాలని నోరు తెరిచి అడగడం ఆయనెరగడు. డ్యూటీకి పోతూ పోతూ మెట్ల మీద ఆగి, "నడుము దగ్గర కాస్త వదులుగా పెట్టు" అన్నాడు. ఒప్పుకున్నట్టే.

ఇక ఆ ఇంట్లో వేరే మాట లేదు. వీధి చివర టికెట్లమ్మే ఆయన దగ్గరికి ఇద్దరూ వెళ్ళి, బెంచీ మీద భుజాలు ఆనించుకుని కూర్చుని, కొత్తవాళ్ళకి జారడం నేర్పే బడి ఉన్న ఊరే కావాలని అడిగి రాయించుకున్నారు. అక్కడ పసుపు రంగు చెక్క గది, దాని వెనక చిన్న కొండ, మనుషుల్ని కొండ మీదికి మోసుకుపోయే కుర్చీలు వేలాడే తాడు. ఆ కొండ కింద ఎవరో కెమెరా పెట్టారు. రోజూ పొద్దున ఆ బొమ్మ ఫోన్లో చూడటం మిషనత్తయ్యకి అలవాటైంది. "ఇవాళ మబ్బుగా ఉంది. ఇవాళ ఎవరో పడ్డారండోయ్, చూడండి చూడండి!" అని పక్కింటి సంగతుల్లా చెప్పేది.

ఆవిడ చలికి తట్టుకుంటుందో లేదో చూడాలన్నది మాత్రం ఆయన పెట్టిన షరతే. అదే ఆయనకి తర్వాత గొంతులో ముల్లయింది. గోడౌను సెలవురోజున మేనేజరుని బతిమాలి, సూట్లు తొడుక్కుని, మండుటెండలో ఇద్దరూ బరువు బరువుగా నడిచి వెళ్ళేవాళ్ళు. వీధి వీధంతా ముక్కు మీద వేలేసుకుంది. వాళ్ళు లోపలికి వెళితే పొడుగాయన బయట నుంచి కొట్టేవాడు, లోపల నుంచి మిషనత్తయ్య రెండు చేతులతో తిరిగి కొట్టేది. కొట్టాక వచ్చే ఆ మోతకి ఆవిడకి నవ్వు ఆగేది కాదు. నోట్లోంచి పొగ వదిలి, "చుట్ట తాగుతున్నానండీ!" అనేది. చేపల పెట్టెల మధ్య చేతులు చాచి అటూ ఇటూ నడిచేది. ముందు చలికి ఓడి బయటికి వచ్చేది ఎప్పుడూ ఆయనే. "ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని సిగ్గులేదూ?" అని దెప్పేది.

లారీలు ఆగే వెనక వాలు మీద జారడం నేర్చుకున్నారు. విరిగిన పెట్టెల చెక్కలు బూట్లకి కట్టారు. కింద ఖాళీ అట్టపెట్టెలు గుట్టగా పోశారు. ఆవిడ తమ్ముడు వ్యాను డ్రైవరు. పని మానుకుని మరీ చూడటానికి వచ్చాడు.

"అక్కా, బ్రేకు ఎక్కడుందో చూసుకున్నావా?"

"మీ బావే బ్రేకు. ఎప్పుడూ అడ్డమే."

"అయితే హారన్ నువ్వన్నమాట!"

ఆవిడ జారింది. జారడమంటే, మొదట కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా దొర్లి అట్టపెట్టెల్లో మునిగిపోయింది. మొగుడు గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. అట్టల్లోంచి కడుపు చెక్కలయ్యేలా నవ్వు వినిపించింది. పొడుగాయన కూడా ఆ రోజు నవ్వాడు.

దగ్గు ఆ తర్వాత మొదలైంది.

పొడి దగ్గు. మందుబిళ్ళలకి తగ్గలేదు. చలిగది వల్లేనని ఆయన గదికి వెళ్ళడం మాన్పించాడు. దగ్గు మానలేదు. నడుములు కొలిచే మనిషికి తన నడుమే సన్నబడుతున్నది తెలిసింది. సూటు రెండు పక్కలా లోపలికి కుట్టుకుంటూ, "జారడానికి తేలిగ్గా ఉంటుందిలెండి" అంది. పెద్దాసుపత్రిలో బొమ్మలు తీశారు. డాక్టరమ్మ ఆయన్ని ఒక్కడినీ పిలవలేదు, ఇద్దరినీ కూర్చోబెట్టే చెప్పింది. ఊపిరితిత్తుల్లో పుట్టింది, పాకిపోయింది, కోసి తీసే దశ దాటింది.

"మంచుగదికి తీసుకెళ్ళానండీ. దానివల్లనా?" అన్నాడాయన.

"కాదు. ఇది చాలాకాలం కిందట మొదలైంది. చలికీ దీనికీ సంబంధం లేదు."

కాదన్న మాట చెవిన పడింది గాని లోపలికి దిగలేదు.

మిషనత్తయ్య వేరేది అడిగింది. "మేం మంచు చూడ్డానికి వెళ్దామనుకున్నాం డాక్టరుగారూ. టికెట్లు తీశాం."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "చెక్కలవీ వద్దు. కుర్చీలో కూర్చుని చూడండి. ఓపిక ఉన్నప్పుడే వెళ్ళి రండి. తర్వాత నేను చెప్పలేను."

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయి ఉంది. "విన్నారుగా, వెళ్ళమంది!" ఆయన విన్నది వేరు. ఆయనకి కనిపించింది పసుపు చెక్క గది కాదు, నీలం పెదాలు.

మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ టికెట్లాయన దగ్గర ఆగి, ప్రయాణం రద్దు చేయించాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, ఆవిడ వైపు చూడకుండా అన్నాడు.

"అక్కడ తుఫానట. దారులన్నీ మూసేశారట. వాళ్ళే వద్దన్నారు. వచ్చే ఏడు చూద్దాం."

"అలాగా" అంది ఆవిడ. చేతిలో ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తోంది. ఆ అంచు చివరిదాకా మడిచి, దారం తెంపి, పక్కన పెట్టింది.

తర్వాత ఒక పొద్దున టీ తాగుతూ ఫోను ఆయన వైపు తిప్పింది. నీలం ఆకాశం, మెరిసే కొండ, కుర్చీల నిండా జనం. "ఎండ బాగా కాస్తోందండీ" అంది. అంతే అంది. తెలిసిపోయిందని ఆయనకి అర్థమైంది. తల వంచుకుని గ్లాసు కడగడానికి లేచాడు. అప్పటికే కడిగిన గ్లాసది.

రోజులు గడిచేకొద్దీ కొట్టుకి తాళం పడింది. మిషను ఇంటికి తెచ్చి మంచం పక్కన వేశారు, ఆవిడ దాని మీద చెయ్యి మాత్రం వేసుకునేది. ప్రయాణం సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఇంకోటి అడిగింది.

"పోనీ మీ గదికే తీసుకెళ్ళండి. ఒక్కసారి. ఆకాశం లేకపోయినా సరే."

"దగ్గు తగ్గనీ."

"తగ్గాక అడుగుతానా?"

ఆయన విసురుగా బయటికి పోయేవాడు. బావమరిది మెట్ల మీద పట్టుకునేవాడు.

"బావా, అక్కని అంత ఏడిపించకు. వ్యాను నేను తెస్తా."

"నీకు తెలీదురా. లోపల ఎలా ఉంటుందో నీకు తెలీదు."

"నీకు తెలుసు. అక్కకీ తెలుసు. డాక్టరు కూడా పరవాలేదందిగా?"

"డాక్టరు లోపలికొచ్చి చూసిందా?" అని అరిచాడు.  బావమరిది వ్యాను తాళాలు జేబులో వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఒక సెలవురోజు తెల్లారేసరికి ఆవిడ మంచం మీద కూర్చుని, ఎర్ర సూటు కాళ్ళలోకి ఎక్కించుకుంటోంది. ఒక కాలు ఎక్కింది. రెండోది ఎక్కించే ఓపిక లేక అలాగే చేతిలో పట్టుకుని ఆయాసపడుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని రెండో కాలు ఎక్కించాడు. జిప్పు గడ్డం దాకా లాగాడు. ఎంత లోపలికి కుట్టుకున్నా ఆ సూటు ఆవిడ మీద వేలాడుతోంది. బావమరిదికి ఫోను చేశాడు. ఎత్తుకుని మెట్లు దిగాడు. మూల మీది కొట్టావిడ చూసింది అదే.

గోడౌను దగ్గర పొడుగాయన బయటి తలుపు తెరిచి పట్టుకున్నాడు. అక్కని ఆ స్థితిలో చూస్తూ ఉండలేక బావమరిది వ్యానులోనే ఉండిపోయాడు. మొగుడూ పెళ్ళామూ లోపలికి వెళ్ళారు. బయటి తలుపు మూసుకుంది. కాసేపటికి తెరుచుకుంది. ఆవిడ మొగుడి చేతుల్లోంచే తమ్ముడికి చెయ్యి ఊపింది.

"చూశావా అక్కా?"

"చూశాన్రా. ఎంత బాగుందో!"

దారంతా బావమరిది కళ్ళు తుడుచుకుంటూనే వ్యాను నడిపాడు. ఆ వారంలోనే ఆవిడ పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేకుండా, ఇంట్లోనే, నిద్రలోనే.

సెలూనులో ఈ సంగతి మొదట చెప్పింది బావమరిదే. గొప్పగా చెప్పాడు. మా బావ ఎవరేమనుకున్నా లెక్కచేయకుండా మా అక్క కోరిక తీర్చాడన్నాడు. ఆ మాట సెలూను గుమ్మం దాటి కొట్టావిడ దాకా వెళ్ళేసరికి వేరే మాటైంది. తన నోటి వల్లే ఇంత జరిగిందని తెలిసి అతను లబలబలాడుతూ వచ్చాడు.

"వాళ్ళని నాలుగు దులిపేస్తాను బావా! నువ్వు ఊరుకుంటావేం?"

"పోనీ, అననీరా."

"అక్క ఆ రోజు ఎంత సంతోషపడిందో వాళ్ళకేం తెలుసు? వ్యానులో నాతో ఎన్నిసార్లు చెప్పిందో! నువ్వు తీసుకెళ్ళకపోయుంటే నేను జన్మలో నీతో మాట్లాడేవాణ్ణి కాదు, నిజం చెబుతున్నా." ఆయన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు. ఐసు మావయ్య ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.  ఇప్పుడు అసలు జరిగింది చెబితే, ఈ ఒక్క మనిషికి మిగిలిన ఊరటా పోతుంది.

ఆ సెలవురోజు పొద్దున, రెండు తలుపుల మధ్య చిన్న గదిలో బెంచీ మీద ఆవిడ్ని కూర్చోబెట్టి, ఆయన లోపలి తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వెనక ఆవిడ ఊపిరి పిల్లనగోవిలో గాలిలా సన్నగా వినిపిస్తోంది. "తెరవండి" అంది. ఆయన పిడి పట్టుకునే నిలబడ్డాడు. "తెరవండి, ఏం కాదు" అంది. భుజాలు ఎగసిపడుతుంటే నుదురు తలుపుకి ఆనించాడు. ఆవిడ కొంతసేపు ఆ వీపు వైపు చూసింది. తర్వాత, "నాకే ఓపిక లేదులెండి, ఇంటికి పోదాం పదండి. తమ్ముడితో చూశానని చెబుతాను. మీరు కాదనకండి" అంది.

ఆ తలుపు ఆ రోజు తెరుచుకోలేదు.